దైవవాక్య పఠన సంఘం: 2025 వార్షిక నివేదిక

క్రీస్తునాథుని యందు ప్రియమైన సభ్యులకు వందనాలు.

ఈ ఏడాది మన పని జనవరి 26న, దైవవాక్య ఆదివారం నాడు మొదలైంది. సామాన్య కాలపు (పెద్ద పండుగల కాలాలు కాని వారాల) మూడో ఆదివారాన్ని ఇందుకు కేటాయిస్తూ ఫ్రాన్సిస్ పాపుగారు 2019లో లేఖ రాశారు. ఆ రోజు మొదటి పఠనం పాత నిబంధనలోని నెహెమ్యా 8వ అధ్యాయం. యాజకుడు ఎజ్రా ధర్మశాస్త్రం చదువుతాడు, లేవీయులు జనానికి అర్థమయ్యేలా విప్పి చెబుతారు, విన్నవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకుంటారు. ఏడాదంతా మనం దాన్నే నమూనాగా పెట్టుకున్నాం.

మన ఇళ్ళలో బైబిలు లేక చదవడం ఆగడం లేదు. కవరు తొడిగి అల్మరాలో పెట్టడం వల్ల ఆగుతోంది. అందుకే ఇళ్ళకు వెళ్ళినప్పుడు మొదట చెప్పింది ఒక్కటే: ప్రార్థన చేసుకునే చోట గ్రంథాన్ని తెరిచి ఉంచండి, ఆనాటి పేజీలో రిబ్బను పెట్టండి.

ఎక్కడ మొదలుపెట్టాలన్నది రెండో చిక్కు. ఆదికాండంతో ఉత్సాహంగా మొదలుపెట్టినవాళ్ళు నిర్గమకాండం 25 దాటాక ఆరాధన గుడారం కొలతల దగ్గర చల్లబడిపోతారు. కొత్తవాళ్ళకు మార్కు సువార్తే మంచిది. 16 అధ్యాయాలే, కథనం చకచకా సాగుతుంది. తర్వాత 24 అధ్యాయాల లూకా, 28 అధ్యాయాల అపోస్తలుల కార్యాలు. నూతన నిబంధన మొత్తం 260 అధ్యాయాలు. రోజుకొకటిగా వారానికి ఐదు చొప్పున చదివితే సరిగ్గా 52 వారాలు. మిగిలే రెండు రోజులు తప్పినవి అందుకోవడానికి. పత్తి ఏరే రోజుల్లో, మిర్చి కోతల్లో ఆ వెసులుబాటు లేకపోతే జనం మధ్యలోనే వదిలేస్తారు.

వేళ విషయంలో గడియారాన్ని నమ్ముకోవద్దు. కాజీపేట రైల్వే డ్యూటీలకూ భూపాలపల్లి సింగరేణి షిఫ్టులకూ ‘ఉదయం ఆరు’ అనే నియమం నిలవదు. రోజూ తప్పకుండా చేసే ఒక పనికి ముడిపెట్టాలి: స్నానం కాగానే, లేదా రాత్రి అన్నం తిన్నాక.

పదిహేను నిమిషాల పద్ధతి ఇది. 12వ శతాబ్దపు సన్యాసి రెండవ గీగో చెప్పిన నాలుగు మెట్లే (పఠనం, ధ్యానం, ప్రార్థన, మౌన దర్శనం) దీనికి ఆధారం. పవిత్రాత్మను పిలుచుకుని, పది పన్నెండు వచనాలకు మించకుండా పైకి చదవాలి. కాసేపు ఆగి, మళ్ళీ నెమ్మదిగా చదువుతూ మనసుకు తగిలిన మాట దగ్గర నిలబడాలి. ఆ మాటతోనే దేవునితో మాట్లాడాలి. చివర రెండు నిమిషాలు ఏమీ అడగకుండా ఆయన సన్నిధిలో మౌనంగా కూర్చోవాలి. లేచే ముందు ఆ రోజు చేయబోయే పని ఒక్క వాక్యంలో నోటుబుక్కులో రాసుకోవాలి.

రెండోసారి చదవడం వృథా అనుకునేవారికి మార్కు 10 చూపించాం. శిష్యులైన యాకోబు, యోహానులను యేసు “నన్నేమి చేయమంటారు?” అని అడుగుతాడు. కొద్ది వచనాల తర్వాత గుడ్డివాడు బర్తిమయినీ అదే అడుగుతాడు. వాళ్ళు మహిమలో కుడిఎడమల ఆసనాలు కోరారు, ఇతను చూపు కోరాడు. వేగంగా చదివితే ఈ రెండూ ఒకే ప్రశ్న అని తెలియదు. ఆ ప్రశ్న మనల్ని అడిగితే ఏమంటాం? ధ్యానం అక్కడ మొదలవుతుంది.

తరచూ దొర్లే తప్పులు కొన్ని ఉన్నాయి. కళ్ళు మూసుకుని వేలు పెట్టిన వచనాన్ని ఆనాటి జోస్యంలా తీసుకోవడం వాటిలో ఒకటి. ముందువెనకలు తెగిన వాక్యం దారి తప్పిస్తుంది. రెండోది, చదివింది పక్కవాళ్ళకు అన్వయించడం: “ఈ మాట మా తోడికోడలికి సరిపోతుంది” అనుకున్నారా, ధ్యానం అక్కడితో ఆగినట్టే. ఫోనులో చదివేవాళ్ళకు మరో ఇబ్బంది ఎదురైంది. చాలా యాప్‌లలో ప్రొటెస్టంటు బైబిలులోని 66 గ్రంథాలే ఉంటాయి. కతోలిక బైబిలులో 73. తోబీతు, సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం, మక్కబీయులు వంటివి వాటిలో దొరకవు. ఆనాటి పఠనం కనిపించకపోతే పొరపాటు మీది కాదు, కతోలిక అనువాదం తెరవండి. చదువురాని పెద్దలకు మనవళ్ళు, మనవరాళ్ళు చదివి వినిపించడం ఈ ఏడాది మనకు బాగా నచ్చిన ఏర్పాటు. పిల్లలకు ఉచ్చారణ కుదిరింది, పూజలో పఠనం చదివే ధైర్యమూ వచ్చింది.

జమాఖర్చుల పట్టిక నోటీసుబోర్డులో ఉంది.

నవంబర్ 30న, క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలంతో, ఆదివారపు పఠనాల మూడేళ్ళ చక్రంలో ‘ఎ’ సంవత్సరం మొదలైంది, ఆదివారాల్లో ఎక్కువగా మత్తయి సువార్తే వింటాం. ఈస్టరుకు ముందు వచ్చే తపస్కాలం 2026 ఫిబ్రవరి 18న విభూది బుధవారంతో ఆరంభం. ఆలోగా కొండమీది ప్రసంగం, అంటే మత్తయి 5, 6, 7 అధ్యాయాలు, ప్రతి కుటుంబం పూర్తిచేయాలని కోరుతున్నాం. వారానికి ఒక అధ్యాయం చాలు, రోజూ ఏడెనిమిది వచనాలు. నోటుబుక్కులు కావలసినవారు ఆదివారం పూజ తర్వాత కార్యదర్శిని కలవండి.