ప్రార్థన నూనెకు వెల కట్టడం ఆపించండి: సంఘ పాలక కమిటీ అధ్యక్షులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షులవారికి, దేవరకొండ దగ్గరి ఒక పల్లె క్రైస్తవ సంఘ సభ్యుడి వందనాలు.

అయ్యా, ఈ విషయమై రెండుసార్లు ఉత్తరం ఇచ్చాను, ఒకసారి స్వయంగా వచ్చి కలిశాను. జవాబు రాలేదు కాబట్టి అందరి ముందు రాస్తున్నాను.

మా మందిరంలో ప్రార్థన చేసిన నూనె అంటూ చిన్న సీసా 300 రూపాయలకు అమ్ముతున్నారు. పత్తి ఏరే కూలికి పోయే మా చిన్నమ్మ కొంగుముడి విప్పి, నలిగిన నోట్లు ఒక్కొక్కటి సాపు చేసి ఇవ్వడం కళ్లారా చూశాను. నూనె ఉంది కదా అని బీపీ గోలీలు మానేసింది. వారం తిరగకుండానే చేనులో కళ్లు తిరిగి పడిపోయింది. ఇప్పటికీ ఇంట్లో అందరికీ టెన్షనే.

బైబిల్లోని యాకోబు పత్రిక 5:14లో సంఘపు పెద్దలు రోగి కోసం ప్రార్థించి నూనె రాయాలని ఉంది. వెల మాట ఎక్కడా లేదు. “ఉచితముగా పొందితిరి ఉచితముగా ఇయ్యుడి” అన్నది ప్రభువు ఆజ్ఞ. దేవుని వరాన్ని ద్రవ్యమిచ్చి కొనబోయిన గారడీవాడు సీమోనును అపొస్తలుడైన పేతురు గద్దించిన సంగతి మీరే మాకు బోధించారు. ఇక మందుల సంగతికొస్తే, అపొస్తలుడైన పౌలు ప్రియుడని పిలిచిన లూకా వైద్యుడే కదా అయ్యా!

ఈ అమ్మకం ఆపాలని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చి, ఆదివారం ఆరాధనలో చదివించండి. మందులు మానవద్దని పుల్పిట్ మీద నుంచే చెప్పించండి. వసూలైన డబ్బు లెక్క సంఘం ముందు పెట్టించండి.

ప్రభువునందు,
మీ సంఘ సభ్యుడు