బీరువా తలుపు మీద 45

ఆమదాలవలస

అమ్మలూ,

నువ్వు పండక్కి వచ్చి వెళ్లాక నీ బీరువా సర్దుతుంటే తలుపు లోపల అంటించిన కాగితం కనిపించింది. పెద్దగా 45 అని రాసి, కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు కొట్టావు. భోగినాడు అరిసె అంచు తుంచి నోట్లో వేసుకుని, మిగతాది పళ్లెంలో వదిలేసింది ఇందుకేనా అనిపించింది. అప్పట్నుంచీ మనసు మనసులో లేదు.

నీ ఎత్తు 160 సెంటీమీటర్లు. మనవాళ్లకి బీఎంఐ, అదే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, 18.5 నుంచి 22.9 లోపు ఉంటే మంచిదంటారు. నీ ఎత్తుకి లెక్క వేస్తే సుమారు 48 నుంచి 58 కిలోలు. నువ్వు ఇప్పుడు 56. ఇందులో లావేముంది తల్లీ? 45కి దిగితే ఉండాల్సినదాని కంటే తక్కువైపోతావు. కడుపు మాడ్చుకుని గబగబా తగ్గితే కొవ్వుతోపాటు కండ కూడా కరిగిపోతుంది. రెండు నెలలుగా నెలసరి రాలేదన్నావు కదా, ఈ వారంలోనే డాక్టరమ్మకి చూపించుకో. ఇది మాత్రం వాయిదా వెయ్యొద్దు.

మన పక్కనే ఉన్న ఊసవానిపేట కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో దిగి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ. ఆ పిల్ల బరువు ఎంత తగ్గిందని ఎవరూ అడగలేదు, ఎంత ఎత్తిందనే అడిగారు.

నువ్వు పతకం తేనక్కర్లేదు. వారంలో రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు ఆగుతూ, బరువులు ఎత్తు. ముందు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకి పుషప్స్, చిన్న డంబెల్స్ చాలు. పన్నెండుసార్లు తేలిగ్గా వస్తోందంటే కొంచెం బరువు పెంచు. మగవాళ్లలా కండలొచ్చేస్తాయని భయం వద్దు, కండలు పెంచే టెస్టోస్టిరాన్ హార్మోన్ ఆడవాళ్లకి తక్కువ. బరువు చూసుకోవాలంటే వారానికొకసారి, పొద్దున్నే చూసుకో. ఉప్పుకీ నీళ్లకీ కిలో అటూ ఇటూ అవుతూనే ఉంటుంది, దానికి టెన్షన్ పడకు.

తిండి మానితే మాత్రం కండ రాదు. కసరత్తు చేసే నీకు రోజుకి 65, 70 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. పప్పు, పెరుగు, చేప, ఉలవలు, వేరుశనగలు అన్నీ పళ్లెంలో పడాలి. చోడి (రాగి) పిండి పంపిస్తున్నాను, పొద్దున్న అంబలి కాచుకో. దాంతోనే కడుపు నింపేసుకోకు, గుడ్లు కూడా ఉడకేసుకో.

మీ అమ్మమ్మ జీవితమంతా సన్నగానే ఉంది. నిన్న పీట మీంచి లేవడానికి తలుపు చెక్క పట్టుకుంది, వేళ్లు తెల్లబడిపోయాయి. అయినా లేవలేకపోయింది. నేను రెండు చేతులూ చంకల కింద వేసి లేపాను. రాత్రి ఎంతకీ నిద్ర పట్టలేదు. పొద్దున్నుంచి నేనూ మొదలుపెట్టాను. చెయ్యి ఆనించకుండా పీట మీంచి ఎనిమిదిసార్లు లేచాను. తొమ్మిదోసారి తొడలు వణికాయి.

ఆ కాగితం తీసేశాను, కోప్పడకు. దసరాకి వచ్చినప్పుడు ఆ 25 కిలోల బియ్యం బస్తా వీధిగుమ్మం నుంచి వంటింట్లోకి నువ్వు తెద్దువుగాని. నడుం వంచకుండా, మోకాళ్లు వంచి ఎత్తాలి సుమా.

అమ్మ