సినిమావాళ్ళ రాజకీయం మన ఒక్కరిదేనా?

చిన్నీ,

మొన్న ఫోన్‌లో "మన దగ్గర సినిమావాళ్ళే ముఖ్యమంత్రులైపోతారు కదా నాన్నా" అని నవ్వావు, జవాబు చెప్పేలోపే నీకు మీటింగ్ టైమైపోయింది. ఎన్టీఆర్ 1983 జనవరిలో ప్రమాణం చేసేనాటికే రీగన్ అమెరికా అధ్యక్షుడిగా వైట్‌హౌస్‌కి వచ్చి రెండేళ్ళు కావస్తోందమ్మా. ఆయనా సినిమా నటుడే. పైగా 1954 నుంచి 1962 దాకా జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ టీవీ షో నడిపాడు, ఆ కంపెనీ ఫ్యాక్టరీలన్నీ తిరిగి కార్మికుల ముందు మాట్లాడీ మాట్లాడీ ఉపన్యాసం నోటికి పట్టించేసుకున్నాడు. రాజకీయాలకి అంతకన్నా మంచి ట్రైనింగ్ ఏముంటుంది?

అంతకు ముందు 1960లో అధ్యక్ష పదవికి పోటీపడ్డ కెన్నెడీ, నిక్సన్ డిబేట్ సంగతి నువ్వూ వినే ఉంటావు. దాదాపు ఏడు కోట్ల మంది టీవీలో చూశారు. నిక్సన్ మోకాలి ఇన్‌ఫెక్షన్‌తో ఆస్పత్రిలో ఉండి వచ్చినవాడు, మనిషి చిక్కిపోయాడు, సరైన మేకప్ కూడా వేసుకోలేదు. రేడియోలో విన్నవాళ్ళు ఆయనే గెలిచాడన్నారని ఒక కథ చెబుతుంటారు గానీ, దాని వెనకున్న సర్వే అంత నమ్మదగ్గదేమీ కాదు. నాయకులు మాత్రం ఆ కథని నమ్మేశారు! 1968లో అదే నిక్సన్ మళ్ళీ అధ్యక్ష పదవికి నిలబడి, ఒక కామెడీ షోలో కనిపించాడు. ఆ ఎన్నికల్లో ఆయన టీవీ వ్యవహారం చూసుకున్న రోజర్ ఐల్స్ అనే ఆయనే 1996లో మీడియా యజమాని మర్డోక్ కోసం ఫాక్స్ న్యూస్ ఛానల్ మొదలుపెట్టాడు.

నన్నడిగితే అసలు మలుపు నటులు కాదు, 1987. వివాదం ఉన్న విషయమైతే రెండో పక్షం మాట కూడా వినిపించాలని అమెరికాలో రేడియో, టీవీ స్టేషన్లకి ఒక నిబంధన ఉండేది, ఆ ఏడు దాన్ని ఎత్తేశారు. మరుసటి ఏడాదికల్లా రిపబ్లికన్ల వైపు మాట్లాడే రష్ లింబా రేడియో షో దేశమంతా మొదలైంది, రోజూ గంటల తరబడి ఒకే మనిషి, ఒకే పక్షం. కేబుల్ ఛానళ్ళకి ఆ నిబంధన ఎప్పుడూ లేదనుకో, కానీ కోపం అమ్ముడుపోతుందని రేడియోనే ముందు చూపించింది. 2004లో మొదలైన 'ది అప్రెంటిస్' అనే టీవీ రియాలిటీ షో సంగతి సరేసరి: కేసినోలు దివాలా తీసిన ట్రంప్, అందులో తిరుగులేని బాసుగా ఏళ్ళ తరబడి జనాల ఇళ్ళలోకి వచ్చాడు.

నటుడు రాజకీయాల్లోకి రావడం నాకు తప్పనిపించదు, వచ్చాక ఆఫీసు పని చేస్తే చాలు. రాజకీయ నాయకుడు షో కోసమే బతకడం మొదలుపెడితేనే నాకు టెన్షన్.

అన్నట్టు, నీకు సిటిజన్‌షిప్ వచ్చింది కదా, మీ ఊరి స్కూల్ బోర్డుకి ఎవరెవరు నిలబడ్డారో కనుక్కుని చెప్పు. ఇక్కడ నేను చూసే ఏ ఛానల్లోనూ వాళ్ళ పేర్లు రావడం లేదు.

మీ నాన్న