సర్ బిరుదుకీ ఎక్స్‌పైరీ డేట్ పెట్టాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

బ్రిటన్ రాజుగారు ఫలానా బిజినెస్ వాళ్ళని సన్మానించారు అని వార్త వస్తే చాలు మన పేపర్లు, చానెళ్ళు అన్నిటినీ ఒకే గాటన కట్టేసి రాసేస్తాయండి. ఆ గౌరవం కంపెనీకి వచ్చిందా, మనిషికి వచ్చిందా, లేకపోతే ప్యాలెస్‌కి సరుకు సప్లై చేస్తున్నందుకు వచ్చిందా అనేది ఎక్కడా ఉండదు. నేను ఇంగ్లాండ్‌లో ఎక్స్‌పోర్ట్ చేసే ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తుంటాను, కాబట్టి ఈ గొడవ కొంచెం దగ్గర్నుంచి తెలుసు, అందుకే ఈ ఉత్తరం.

కంపెనీలకి ఇచ్చేదాన్ని కింగ్స్ అవార్డ్ ఫర్ ఎంటర్‌ప్రైజ్ అంటారు. 1965లో ప్రిన్స్ ఫిలిప్ అధ్యక్షుడిగా ఉన్న కమిటీ చెప్పిన మీదట పెట్టారు, 1966లో మొదటిసారి ఇచ్చారు, రాణిగారు పోయాక క్వీన్స్ కాస్తా కింగ్స్ అయింది. ఇంటర్నేషనల్ ట్రేడ్, ఇన్నోవేషన్, సస్టైనబుల్ డెవలప్‌మెంట్, వెనకబడ్డవాళ్ళకి అవకాశాలు కల్పించడం, ఇలా నాలుగు కేటగిరీలు. దీనికి ఎవరో పిలిచి ఇవ్వరు, కంపెనీయే అప్లై చేసుకోవాలి. ఫీజు లేదు, గెలిస్తే డబ్బులూ రావు. ఇద్దరు ఫుల్‌టైమ్ ఉద్యోగులున్న కంపెనీ కూడా అప్లై చేయొచ్చు, కానీ ఫారం నింపడం మాత్రం ఆషామాషీ కాదు. ఇంటర్నేషనల్ ట్రేడ్‌కైతే లెక్క చూపించే మొదటి ఏడాదిలోనే విదేశీ అమ్మకాలు కనీసం లక్ష పౌండ్లు ఉండాలి, ఆ తర్వాత మూడేళ్ళ పాటు గట్టిగా పెరగాలి, లేదంటే ఆరేళ్ళ పాటు ఎక్కడా తగ్గకుండా రావాలి. టాక్స్ బాకీలు ఏమైనా ఉన్నాయా అని కూడా చూస్తారు. పేరుకి రాజుగారి అవార్డే గానీ వడపోత అంతా గవర్నమెంట్‌దే, ప్రైమ్ మినిస్టర్ సిఫార్సు చేస్తే రాజుగారు ఆమోదిస్తారు. 2025లో 197 కంపెనీలకి వచ్చింది.

గెలిచినవాళ్ళ దగ్గరికి ఆ కౌంటీలో రాజుగారి ప్రతినిధిగా ఉండే లార్డ్ లెఫ్టినెంట్ వచ్చి అవార్డు ఇస్తారు. ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో రేకుల షెడ్డు, ఫోర్క్‌లిఫ్ట్ పక్కకి తీసి కుర్చీలు వేసి, ప్యాకింగ్ చేసే వాళ్ళందరూ చూస్తుండగా యూనిఫాంలో ఉన్న పెద్దమనిషి చేతుల మీదుగా గాజు ట్రోఫీ, సర్టిఫికెట్. నాకు ప్యాలెస్‌లో ఇచ్చే పార్టీ కన్నా ఇదే బాగుంటుంది, ఎందుకంటే ఓనర్ ఒక్కడికే కాదు పనిచేసిన వాళ్ళందరికీ దక్కినట్టుంటుంది.

ఇక అసలు పాయింట్ ఏంటంటే ఈ అవార్డు ఐదేళ్ళే చెల్లుతుంది. ఐదేళ్ళు ఆ ముద్ర లెటర్‌హెడ్ మీద, ప్యాకింగ్ మీద వేసుకోవచ్చు, జెండా ఎగరేసుకోవచ్చు, తర్వాత తీసేయాలి, కావాలంటే కొత్త లెక్కలతో మళ్ళీ పోటీ పడాలి. ప్యాలెస్‌కి సరుకు సప్లై చేసేవాళ్ళకి ఇచ్చే రాయల్ వారెంట్ కూడా అంతే, గరిష్టంగా ఐదేళ్ళకి ఇచ్చి మళ్ళీ చూస్తారు. క్యాడ్‌బరీకి విక్టోరియా రాణి కాలంలో, 1854లో మొదలైన వారెంట్ 170 ఏళ్ళ తర్వాత 2024 డిసెంబర్‌లో పోయింది. చాక్లెట్ కంపెనీ ఏమీ మూతపడలేదు, లిస్ట్‌లో పేరు లేదు, అంతే.

మరి మనుషులకి బిజినెస్‌లో సేవలకి అని ఇచ్చే సర్, దాని కింది మెట్టు అయిన సీబీఈ బిరుదుల సంగతి? అవి బతికున్నంత కాలం ఉంటాయి. ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ నడిపిన ఫ్రెడ్ గుడ్‌విన్‌కి బ్యాంకింగ్‌కి సేవలు చేశాడని 2004లో సర్ ఇచ్చారు, 2008లో బ్యాంకు కుప్పకూలితే జనం డబ్బు 4,500 కోట్ల పౌండ్లు పోసి నిలబెట్టాల్సి వచ్చింది, బిరుదు వెనక్కి తీసుకోవడానికి మాత్రం 2012 దాకా పట్టింది. ఫిలిప్ గ్రీన్‌కి 2006లో రిటైల్ రంగానికి సేవ అని ఇచ్చారు, ఆయన 2015లో బీహెచ్ఎస్ అనే పెద్ద స్టోర్ల కంపెనీని ఒక్క పౌండ్‌కి అమ్మేస్తే ఏడాదికే అది దివాలా, దాదాపు 11,000 మంది ఉద్యోగాలు పోయాయి, పెన్షన్ ఫండ్‌లో పెద్ద బొక్క. తర్వాత ఆయన 36 కోట్ల పౌండ్లు పైగా కట్టాడు, అది వేరే సంగతి. బిరుదు తీసేయమని 2016లో ఎంపీలు తీర్మానం చేసినా ఆయన ఇప్పటికీ సర్ ఫిలిప్పే.

పోస్టాఫీస్ కథ ఇంకా ఘోరం. తప్పుడు లెక్కలు చూపించిన హొరైజన్ కంప్యూటర్ సిస్టమ్‌ని నమ్మి చిన్న చిన్న బ్రాంచీలు నడుపుకునే వాళ్ళని దొంగలని కేసులు పెట్టారు, అందులో మన ఇండియన్స్ కూడా ఎంతోమంది. బాధితులు హైకోర్టులో పోరాడుతూ ఉండగానే 2019 న్యూ ఇయర్ బిరుదుల లిస్ట్‌లో పోస్టాఫీస్ సీఈవో పౌలా వెనెల్స్‌కి సీబీఈ! ఆ పోరాటం నడిపిన అలన్ బేట్స్‌కి సీబీఈ కన్నా ఒక మెట్టు కిందదైన ఓబీఈ ఇస్తామంటే ఆవిడకి సీబీఈ ఉండగా నాకు ఇది అక్కర్లేదు అన్నాడు. చివరికి 2024 ఫిబ్రవరిలో ఆవిడది తీసేశారు, అదే ఏడాది జూన్‌లో ఆయనకి సర్ ఇచ్చారు. తీసేయడానికి ఒక కమిటీ ఉంది నిజమే, కానీ అది కదలాలంటే దేశం మొత్తం తిట్టిపోయాలి.

జీవితకాలం చేసిన పనికి గుర్తింపు కదా, ఐదేళ్ళకి లాక్కోవడం ఏం మర్యాద అని అడిగేవాళ్ళు ఉంటారు. డాక్టర్‌కి, టీచర్‌కి, సైంటిస్ట్‌కి ఆ మాట ఒప్పుకుంటాను. వ్యాపారం అలాంటిది కాదండి, ఈ ఏడాది బ్యాలెన్స్ షీట్ చూసి చెప్పింది వచ్చే ఏడాదికి నిలవకపోవచ్చు, లాభం ఎలా వచ్చిందో బయటపడడానికి ఒక్కోసారి పదేళ్ళు పడుతుంది. కనీసం సీట్లో కూర్చుని ఉన్నవాళ్ళకి ఇవ్వడం మానేసి, దిగిపోయి కొన్నేళ్ళయ్యాక వాళ్ళు వదిలేసిన కంపెనీ పరిస్థితి, పెన్షన్ ఫండ్ పరిస్థితి చూసి ఇస్తే సరిపోతుంది. రేకుల షెడ్డు కంపెనీని అన్ని కాగితాలు అడిగేవాళ్ళు సీఈవో గారిని ఆ మాత్రం అడగలేరా?

ఇక మీకో రిక్వెస్ట్. హైదరాబాద్‌లో పుట్టి ఉస్మానియాలో చదివి అక్కడ కోబ్రా బీర్ పెట్టిన కరణ్ బిలిమోరియా లాంటివాళ్ళ పేర్లు వచ్చినప్పుడు మనకి గర్వంగా ఉంటుంది, రాయండి, తప్పులేదు. విదేశీయులకి ఇచ్చేది గౌరవ బిరుదు కాబట్టి వాళ్ళ పేరు ముందు సర్ పెట్టకూడదు, ఇది చాలాసార్లు తప్పు పడుతోంది. ఇప్పుడు కంపెనీల లిస్ట్ మే 6న ప్రకటిస్తున్నారు, జూన్‌లో రాజుగారి బర్త్‌డే బిరుదులు వస్తాయి. రెండిటినీ కలిపేయకుండా ఎవరికి, ఏ కేటగిరీలో, ఎందుకు వచ్చింది, ఎప్పటిదాకా చెల్లుతుంది అని ఒక్క లైన్ వేస్తే చాలు.

ఇట్లు,
మీ పాఠకుడు, లెస్టర్