పుస్తకాన్ని ఫారాల లెక్కన కొనకండి: పౌర గ్రంథాలయ శాఖ సంచాలకులకు బహిరంగ లేఖ

తెలంగాణ పౌర గ్రంథాలయ శాఖ సంచాలకులు గారికి,

నమస్కారం.

మేం ఏడాదికి నాలుగైదు తెలుగు పుస్తకాలు, ఒక్కోటి 500 కాపీల చొప్పున వేసే చిన్న ప్రచురణకర్తలం. గ్రంథాలయాలకు పుస్తకాలు కొనే మాట వచ్చినప్పుడల్లా ముందుకొచ్చే ప్రశ్న ‘ఫారానికి ఎంత?’ అని. ఫారం అంటే కలిపి అచ్చేసే కొన్ని పేజీల కట్ట; అంటే ధర పేజీల లెక్కన కడతారన్నమాట. ఈసారి కొనుగోలు నిబంధనలు రాసేటప్పుడు ఆ ప్రశ్నతో మొదలుపెట్టొద్దని అడగడానికే ఈ ఉత్తరం.

మామూలు పుస్తకాల సైజైన డెమ్మీలో ఫారానికి 16 పేజీలు. 160 పేజీల పుస్తకానికి 10 ఫారాలు. 23×36 అంగుళాల షీటులో రెండు ఫారాలు పడతాయి గనుక 500 కాపీలకు 2,500 షీట్లు, అంటే 5 రీములు (రీముకు 500 షీట్లు). 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల) కాగితమైతే రీము సుమారు 18.7 కిలోలు తూగుతుంది. మెషిన్ మీద ఇంకు కుదిరేదాకా చెడిపోయే షీట్లు దీనికి అదనం. ఇంతవరకూ లెక్క ఎవరైనా వేస్తారు. చిక్కంతా మిగతా ఖర్చుతోనే. ఎడిటింగ్, కంపోజింగ్, ప్రూఫులు, ముఖచిత్రం, అచ్చు ప్లేట్లు, వీటికయ్యే డబ్బు 500 కాపీలు వేసినా 5,000 వేసినా ఒక్కటే. 500 వేసేవాళ్లకు అది కాపీకి పది రెట్లు ఎక్కువ పడుతుంది. ఫారం రేటులో ఈ తేడా ఎక్కడా కనపడదు.

ఈ డబ్బు ఎవరికి వెళ్తుందో కొంచెం దగ్గరగా చూడండి. రచయిత యూనికోడ్‌లో టైప్ చేసి పంపుతారు. చాలా డీటీపీ సెంటర్లలో పేజీలు కట్టేది ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ కాని అను ఫాంట్లతో. మధ్యలో యూనికోడ్‌ను ఆ ఫాంట్లలోకి మార్చే కన్వర్టర్ ఉంటుంది. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ట్ తర్వాత కంటికి కనపడని ఒక అక్షరం ఉంటుంది. తర్వాతి ‘వ’ వత్తుగా మారకుండా ఆపేది అదే. కన్వర్టర్ దాన్ని మింగేస్తే ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. ఇలాంటివి పుస్తకం నిండా ఉంటాయి. వాటిని ఏరేది ప్రూఫ్ రీడరే. మొదటి ప్రూఫు, దిద్దినవి సరిగ్గా ఎక్కాయో లేదో చూసే రెండో ప్రూఫు, పేజీలు కట్టాక చివరి ప్రూఫు. చివరిది వదిలేస్తే ఏమవుతుందో మీకూ తెలుసు: విషయసూచికలో 57 అని ఉంటుంది, కథ 59లో మొదలవుతుంది.

ఇక ఎడిటర్. 176 పేజీల రాతప్రతిలో అక్కర్లేనిది తీసేసి 144కి తెచ్చారనుకోండి. పుస్తకం బాగుపడింది, రెండు ఫారాలు తగ్గాయి. ఫారం రేటు ప్రకారం దాని ధర కూడా తగ్గింది! ఎక్కువ పని జరిగిన పుస్తకానికి తక్కువ డబ్బన్నమాట. అదే 12 పాయింట్ల అక్షరాన్ని 14 చేసి, మార్జిన్లు వదులు చేసి ఫారాలు పెంచుకున్నవాళ్లకు లాభం. రేటు మరీ తక్కువైతే దీనికి తిరగబడి జరుగుతుంది: కాగితం మిగల్చడానికి పంక్తుల మధ్య ఎడం తగ్గిస్తారు. తెలుగు దాన్ని తట్టుకోలేదు. పై పంక్తిలో ‘స్త్రీ’ కింద వేలాడే వత్తులు కింది పంక్తి గుడి మీద పడతాయి. గ్రంథాలయానికి వచ్చే పెద్దవాళ్ల కళ్లకు ఆ పేజీ ఒక నల్లటి చార.

బైండింగ్ సంగతి వేరే చెప్పాలి. చౌకగా అయ్యేది పర్ఫెక్ట్ బైండింగ్: ఫారాల వెన్ను కోసేసి, వేడి జిగురు పూసి అట్ట అంటిస్తారు. ఇంట్లో ఒకరిద్దరు చదివే పుస్తకానికి అది చాలు. పది చేతులు మారే పుస్తకంలో జిగురు పగిలి పేజీలు ఊడిపోతాయి. కాగితం నార వెన్నుకు అడ్డంగా పడితే ఇంకా త్వరగా. గ్రంథాలయం కాపీలకు ఫారాలు కుట్టి బైండ్ చేయమని అడగండి, సంతోషంగా చేస్తాం. ఆ కూలి ధరలో కలపండి, అంతే.

పుస్తకాల మీద జీఎస్టీ లేదు కదా అంటారు. లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి నోటుపుస్తకాల కాగితానికి పన్ను తీసేశారు, మేం వాడే అచ్చు కాగితం మాత్రం 12 నుంచి 18 శాతానికి వెళ్లింది. పుస్తకానికి పన్ను లేదు గనుక కాగితం మీద కట్టింది మాకు తిరిగి రాదు. అది మీ చేతిలో లేదని తెలుసు, ధర నిర్ణయించే కమిటీకి మాత్రం తెలియాలి.

మేం అడిగేది ఇది. పుస్తకం మీద అచ్చయిన ధరకు ఒక స్థిరమైన డిస్కౌంటు పెట్టండి. ధర పెంచి అచ్చు వేస్తారన్న అనుమానం న్యాయమైనదే. దానికి మందు కూడా ఉంది: దుకాణంలో, హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో అదే ధరకు అమ్మిన బిల్లులు అడగండి. ఎంపికైన పుస్తకం 33 జిల్లాల్లో జిల్లాకో గ్రంథాలయానికి, అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి ఒక్కో కాపీ చొప్పున కొన్నా 34 కాపీలు. 500లో అది చిన్న సంఖ్యేమీ కాదు. దరఖాస్తులు మూడు నెలలకోసారి తీసుకోండి. ఏళ్ల తరబడి ఆగి ఒకేసారి పిలిస్తే అప్పటికి చిన్న ప్రచురణకర్తల దగ్గర స్టాకు ఉండదు, ఉన్నా అట్టలకు చెమ్మ పట్టి ఉంటుంది. 34 చోట్లకు విడివిడిగా పంపమంటే తపాలా ఖర్చు మీరు పెట్టుకోండి. పుస్తకాలకు తపాలా శాఖ పెట్టిన జ్ఞాన్ పోస్ట్‌లో 300 గ్రాముల వరకు 20 రూపాయలు, పన్ను అదనం. 160 పేజీల పుస్తకం అట్టతో కలిపి 200 గ్రాములు దాటదు.

డబ్బు ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబు 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టంలోనే ఉంది. ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. జనం కడుతూనే ఉన్నారు. వసూలు చేసిన స్థానిక సంస్థలు దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థలకు ఏ నెలకు ఆ నెల జమ చేస్తే, సరఫరా అయిన 60 రోజుల్లో బిల్లు చెల్లించడం కష్టం కాదు.

చివరగా నమూనా కాపీల గురించి. 1954 నాటి డెలివరీ ఆఫ్ బుక్స్ చట్టం ప్రకారం ప్రతి పుస్తకం కాపీలు కోల్‌కతా, చెన్నై, ముంబై, ఢిల్లీలలోని నాలుగు గ్రంథాలయాలకు 30 రోజుల్లో మా ఖర్చుతో పంపాలి. ఇప్పటికే ఇన్ని కాపీలు ఉచితంగా పోతున్నాయి గనుక, మీ ఎంపిక కమిటీకి ఒక అచ్చు కాపీ, మిగతా సభ్యులకు పీడీఎఫ్ సరిపోతాయేమో చూడండి.

ఇట్లు,
కొందరు చిన్న ప్రచురణకర్తలు, వాళ్ల ఎడిటర్లు, ప్రూఫ్ రీడర్లు, డీటీపీ ఆపరేటర్లు
హైదరాబాద్