పేరయ్య పేరు ఎక్కడా కనిపించదేం?

సంపాదకులకు నమస్కారం.

ఒంగోలులో జ్యువెట్ పేరిట చర్చి ఉంది, క్లౌ పేరిట ఆసుపత్రి ఉంది. అమెరికా నుంచి వచ్చిన ఈ బాప్టిస్టు మిషనరీలిద్దరూ ఆ గౌరవానికి తగినవారే. కానీ క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టకముందే, 1866లో జ్యువెట్ చేత బాప్తిస్మం పొంది, ఊరూరా తిరిగి బోధించిన యెర్రగుంట్ల పేరయ్య గురించి మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

పేరయ్యది తాళ్లకొండపాడు. మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. రైతు మోటకు తోలు బాన, తాళ్లు, కాళ్లకు చెప్పులు సమకూర్చి కళ్లంలో గింజలు అడిగి తీసుకునే కులం అది. ఊరి సేద్యం వాళ్ల చేతులమీద నడిచినా ఊరి బావిలో చేద వేసే హక్కు అప్పట్లో వాళ్లకు ఉండేది కాదు. 1867 జనవరిలో పేరయ్య పిలుపు మీద క్లౌ తాళ్లకొండపాడు వెళితే, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవాళ్లలో 28 మంది బాప్తిస్మం పొందారు. చచ్చిన గొడ్డు మాంసం తినబోమని, జాతరలో డప్పు కొట్టబోమని, ఆదివారం పనికి రామని తెగించి చెప్పిన ఈ కొత్త విశ్వాసులపై ఊరి పెద్దలు కక్షగట్టారు. ఆ కక్షకు దెబ్బలు తిన్నది దొరలు కాదు, పేరయ్య లాంటి బోధకులూ వాళ్లను నమ్మిన కూలీలూ.

1876-78 కరువులో క్లౌ, సముద్రతీరం వెంట సాగే బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. కూలీల ముఠాలకు మేస్త్రీలుగా నిలిచింది తెలుగు బోధకులే. తిండి కోసం మతం పుచ్చుకున్నారనే మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. కూలి డబ్బు ఆగిన తర్వాతే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్యను క్లౌ ఖాతాలో వేస్తుంటారు గానీ, ఆ రోజు ఆయన స్వయంగా ఒక్కరికీ ఇవ్వలేదు. నీళ్లలో దిగి వంతులవారీగా ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు!

అందుకే జిల్లా అధికారులను, సంఘ పెద్దలను అడుగుతున్నాను: తాళ్లకొండపాడులోనూ, వెల్లంపల్లి రేవులోనూ పేరయ్య పేరుతో, ఆ బోధకుల కథతో శాశ్వత ఫలకాలు పెట్టండి. స్థానిక చరిత్ర పాఠంలో బకింగ్‌హాం కాలువ వచ్చిన చోట, దాన్ని తవ్విన కరువు కూలీల ప్రస్తావన చేర్చండి.

— ఒక పాఠకుడు, ఒంగోలు