శంషాబాద్ నుంచి అమెరికాకు నేరుగా విమానం ఎప్పుడు? కేంద్ర పౌర విమానయాన మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారం. హైదరాబాద్ నుంచి అమెరికాకు నేరుగా విమానం వేయించమని ఎన్నిసార్లు వినతిపత్రం పెట్టుకున్నా ఒకటే జవాబు: ఏ రూట్లో నడపాలన్నది విమాన సంస్థల వ్యాపార నిర్ణయం. కాదనడం లేదు సార్. 2005లోనే అమెరికాతో ఓపెన్ స్కైస్ ఒప్పందం కుదిరింది. దుబాయ్ రూట్లో ఉన్నట్టు వారానికి ఇన్ని సీట్లే అన్న హద్దు ఇక్కడ లేదు. అనుమతులు అడ్డం కానప్పుడు అడ్డం వస్తున్నదేమిటో దాని గురించి మాట్లాడండి.

2021 జనవరిలో ఎయిరిండియా హైదరాబాద్-షికాగో సర్వీసు మొదలైంది. బోయింగ్ 777-200 ఎల్ఆర్, 238 సీట్లు, పదహారు గంటలకు పైగా ప్రయాణం. కానీ వారానికి ఒక్కటే సర్వీసు. అది ఎక్కువ కాలం నిలవలేదు. ఇప్పుడు ఎవరు అడిగినా దాన్నే చూపించి ఈ రూట్లో గిరాకీ లేదంటున్నారు. ఇదెక్కడి న్యాయం? వారానికి ఒక్క విమానముంటే కంపెనీల పని మీద వెళ్ళేవాళ్ళు ఎక్కరు. బిజినెస్ క్లాస్ నిండకపోతే ఇంత దూరపు రూట్ గిట్టదు. ఒక్క సర్వీసు రద్దయితే ప్రయాణికుడు వారం ఆగాలి, లేదా వేరే దారి వెతుక్కోవాలి. అక్కడ దిగిన పైలట్లు, క్యాబిన్ సిబ్బంది తిరుగు విమానం కోసం రోజుల తరబడి హోటల్లో కూర్చోవాలి. వాళ్ళ ఖర్చంతా ఆ ఒక్క ట్రిప్పు మీదే పడుతుంది.

లెక్క చూడండి. వెళ్ళడానికీ రావడానికీ కలిపి 32 గంటలు, రెండు చోట్లా సర్వీసింగ్‌కు రెండున్నర గంటల చొప్పున 5 గంటలు. మొత్తం 37. వారానికి మూడు సర్వీసులంటే 111 గంటలు. వారంలో ఉండేవి 168. అంటే ఒక్క విమానంతోనే మూడు సర్వీసులు నడపొచ్చు, మరమ్మతులకు, ఆలస్యాలకు ఇంకా 57 గంటలు మిగులుతాయి. రోజూ నడపాలంటే మాత్రం రెండు విమానాలు కావాలి, అదనంగా ఒకటి సిద్ధంగా ఉండాలి. మేము రోజూ అడగడం లేదు. మూడే అడుగుతున్నాం.

2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేశాక కష్టాలు పెరిగిన మాట నిజమే. ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే విమానాలే వియన్నాలో, కోపెన్‌హాగెన్‌లో దిగి ఇంధనం నింపుకోవాల్సి వచ్చింది. ఇంత పెద్ద విమానం గంట అదనంగా ఎగిరితే ఏడెనిమిది టన్నుల ఇంధనం కాలుతుంది. సామానుతో కలిపి మనిషికి 125 కిలోలు వేసుకుంటే, అది అరవై మంది బరువు. పైగా ఆ ఇంధనాన్ని మోయడానికే మరికొంత ఇంధనం ఖర్చవుతుంది. శంషాబాద్ సముద్రమట్టానికి 617 మీటర్ల ఎత్తున ఉంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో గాలి పలచబడి రెక్కలకు పట్టు, ఇంజిన్లకు బలం రెండూ తగ్గుతాయి, నిండు బరువుతో లేవడం కష్టం. అందుకే తెల్లవారుజామున రెండు, మూడు గంటలకు బయలుదేరే వేళ (స్లాట్) కావాలంటున్నాం. రన్‌వేకి లోటు లేదు, 4,260 మీటర్లు ఉంది.

ఇక నేరుగా విమానం లేకపోవడం వల్ల పడే పాట్లు. డెబ్బై ఏళ్ల దంపతులు పిల్లల దగ్గర ఆరు నెలలుండి ఢిల్లీ మీదుగా తిరిగొస్తున్నారనుకోండి. మనిషికి రెండు చొప్పున నాలుగు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు, మొత్తం 92 కిలోలు. దేశంలో మొదట దిగిన చోటే కస్టమ్స్ అన్నది నిబంధన. కాబట్టి పదిహేను గంటలు కూర్చుని వచ్చినవాళ్ళు ముందు ఇమిగ్రేషన్ వరుసలో నిలబడాలి. తర్వాత బెల్టు మీద నుంచి నాలుగు పెట్టెలూ దించుకుని, కస్టమ్స్ దాటి, మళ్ళీ అప్పగించి, మళ్ళీ సెక్యూరిటీకి వెళ్ళాలి. హైదరాబాద్ టికెట్ విడిగా కొనుంటే ఇంకా ఘోరం. దేశీయ విమానంలో మనిషికి 15 కిలోలే ఉచితం, మిగిలిన 62 కిలోలకు కిలో లెక్కన కట్టాలి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, రెండూ ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) కాదు గనక కొత్త టికెట్ కొనుక్కోవాల్సిందే.

నడవగలిగినవాళ్ళు కూడా వీల్‌చైర్ ఎందుకు పెట్టించుకుంటున్నారో మీ అధికారులు ఎప్పుడైనా ఆలోచించారా? కాళ్ళు లేక కాదు, భాష లేక. హిందీ, ఇంగ్లిష్ రాని పెద్దవాళ్ళకు గేటు దాకా చేయి పట్టుకుని తీసుకెళ్ళే మనిషి దొరికేది ఆ ఒక్క దారిలోనే. దాంతో నిజంగా అడుగు వేయలేనివాళ్ళు కుర్చీ కోసం విమానం తలుపు దగ్గర ఎదురుచూడాల్సి వస్తోంది.

ఈ బాధలు పడలేకే జనం దోహా, దుబాయ్, అబుదాబి మీదుగా వెళ్తున్నారు. ఒకే టికెట్ అయితే పెట్టెలు నేరుగా శంషాబాద్‌కే వస్తాయి. అబుదాబిలోనైతే అమెరికా ఇమిగ్రేషన్ కూడా 2014 నుంచి అక్కడే పూర్తవుతోంది. లేదంటున్న గిరాకీ అంతా ఆ విమానాల్లో కూర్చుని ఉంది సార్. ఆ గిరాకీని నమ్మే కదా అమెరికా 340 మిలియన్ డాలర్లు పెట్టి నానక్‌రామ్‌గూడలో కాన్సులేట్ కట్టుకుంది!

ఎయిరిండియా 2022 జనవరిలో టాటాల చేతికి వెళ్ళింది, దాన్ని మీరు శాసించలేరు. సరే. కానీ పిలిచి కూర్చోబెట్టగలరు. 2018 డిసెంబరులో విజయవాడ-సింగపూర్ విమానం ఖాళీ సీట్ల నష్టం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భరిస్తానంటేనే ఎగిరింది. ఆ పద్ధతినే ఇక్కడా రెండేళ్ళకు పెట్టండి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలనూ, శంషాబాద్ నడుపుతున్న జీఎంఆర్‌నూ, పెద్ద విమానాలున్న సంస్థలనూ ఒకే గదిలోకి రప్పించండి. కొత్తగా వచ్చే ఎయిర్‌బస్ ఎ350 పెద్ద విమానాల్లో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి హైదరాబాద్‌కు కేటాయించేలా ఒప్పించండి.

అంతవరకూ ఢిల్లీలో తెలుగు తెలిసిన సహాయకులను రాత్రి షిఫ్టులోనైనా పెట్టించండి. ఒకే టికెట్ మీద వచ్చేవాళ్ళ పెట్టెలకు కస్టమ్స్ తనిఖీ శంషాబాద్‌లో జరిగేలా ఆర్థిక శాఖతో మాట్లాడండి. శ్రీకాకుళం నుంచి అమెరికా వెళ్ళే తల్లిదండ్రులు మీ నియోజకవర్గంలోనే ఉన్నారు. ఈసారైనా జవాబులో వ్యాపార నిర్ణయమన్న మాట కాకుండా ఒక తేదీ రాయండి.

ఇట్లు,
హైదరాబాద్-అమెరికా ప్రయాణికుల తరఫున